జపాన్ అక్క శ్రుతి

నా గొంతు మీరందరూ వినే ఉంటారు. గుర్తుపట్టే అవకాశం మాత్రం లేదు. పాత సినిమాల్లో హీరోయిన్ ఉయ్యాల ఊగుతూ పాడుతుంటే వెనక చెలికత్తెలు "ఆ... ఆ..." అంటారు చూడండి, ఆ "ఆ"ల్లో ఒకటి నాది. ఏదని అడక్కండి, నాకే తెలియదు. కోరస్‌లో ఎవరి గొంతైనా విడిగా వినబడిందంటే ఆ పిల్ల తప్పు పాడుతున్నట్టు లెక్క. అలా ఎవరికీ విడిగా వినబడకుండా ఉద్యోగమంతా చేసి, రిటైరై, ఇప్పుడు హాయిగా వాలుకుర్చీలో కూర్చున్నాను.

మా వీధిలో పాటలు నేర్చుకునే అమ్మాయిలు అప్పుడప్పుడూ వస్తుంటారు. "అవ్వా, మీరు పెద్ద పెద్దవాళ్ల వెనక పాడారంట కదా, ఎవరి సంగతైనా చెప్పండి" అంటారు. పెద్దవాళ్ల సంగతులు చెప్పడానికి చాలామంది ఉన్నారు. కొన్ని నిజాలు కూడా చెప్తారు. నేను చెప్పేది మీరెవరూ పేరు కూడా విననివారి గురించి. ఆమెది జపాన్.

ఇది యాభైల చివర్లో మాట. మేము రాయపురంలో ఉండేవాళ్లం. మా తాతల నాటి నుంచీ మద్రాసే మా ఊరు. నాన్న హార్బర్లో సరుకు లెక్కలు చూసేవాడు. ఇంటి పక్కనే మిషన్ స్కూలు ఉండడంతో నాకు కాస్త ఇంగ్లీషు అబ్బింది. పొద్దున్నే బీచ్ స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలెక్కి కోడంబాకంలో దిగి స్టూడియోకు నడవడం, పాట ఉంటే పాడడం, లేకపోతే కారిడార్లో కూర్చుని ఊరి కబుర్లు వినడం. అదీ నా ఉద్యోగం.

మా కంపెనీ నిర్మాతను అందరం ముదలాళి, అంటే యజమాని, అనేవాళ్లం. మనిషిది నెల్లూరు వైపు. చెడ్డవాడు కాదు, కానీ కొత్త వస్తువు కనబడితే చేయి ఆగేది కాదు. ఆ ఏడాది జపాన్ వాళ్లు మద్రాసులో ఎగ్జిబిషన్ పెట్టారు. కుట్టుమిషన్లు, బొమ్మలు, రేడియోలు, వాటితో పాటు సాయంత్రాలు పాటలు పాడడానికి ఒక బృందం. ముదలాళి కుట్టుమిషన్ కొందామని వెళ్లి గాయనిని మాట్లాడుకుని వచ్చాడు.

"మన కథలో హీరో ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్ ఉండాది కదా, ఆడ ఈ పిల్ల వచ్చి తెలుగులో పాడతాది. ఊరంతా మన సినిమా గురించే చెప్పుకుంటారు, చూస్కో!" అన్నాడు మా సంగీత దర్శకుడితో.

సంగీత దర్శకుణ్ణి మేం మాస్టారు అనేవాళ్లం. గోదావరి జిల్లా మనిషి. సంగీతం తప్ప ప్రపంచంలో ఇంకేదీ పూర్తిగా అర్థం కాని మహానుభావుడు. ఆయన నా వైపు చూసి, "ఒసేయ్ అమ్మాయ్, నీకు ఇంగ్లీషు వచ్చుగా. ఆవిడకి మాటలు నేర్పే పని నీదే" అన్నారు. అలా నేను రాత్రికి రాత్రి టీచర్నయ్యాను.

ఆమెకు ముప్ఫై లోపే ఉంటాయి. చిన్న మనిషి. కత్తిరించిన జుట్టు, తెల్ల జాకెట్టు, మోకాలు దాటిన గౌను. మొదటిరోజు చూడగానే నడుము వంచి నమస్కారం చేసింది. ఏం చేయాలో తెలీక నేనూ వంగాను. నేను లేచేసరికి ఆమె ఇంకా వంగే ఉంది, మళ్లీ వంగాను. కారిడార్లో వయొలిన్లవాళ్లు ఒకటే నవ్వు. "అక్కా" అని పిలవడం నేర్పాను, నేను ఆమెను అక్కా అంటే ఆమె నన్నూ అక్కా అనేది. అదొక్కటీ దిద్దలేకపోయాను.

ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రమే, అందుకే ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది. మమ్మల్నిద్దర్నీ తిప్పే కంపెనీ కారు రోజూ కోడంబాకం రైల్వే గేటు దగ్గర ఆగిపోయేది. ఒక రైలు పోతే ఇంకొకటి. డ్రైవరు దిగి బీడీ కాల్చుకునేవాడు. ఆ గేటు దగ్గరే ఆమె కథంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

యుద్ధం అయిపోయేనాటికి చిన్నపిల్ల. ఊరు కాలిపోయింది, తండ్రి తిరిగి రాలేదు. ఇంటినిండా ఆకలి. అమెరికన్ సిపాయిల క్యాంపుల్లో పాడడానికి స్టేషన్ దగ్గరికి లారీ వచ్చేదట. పాడగలనన్న వాళ్లని ఎక్కించుకుపోయేది. ఈమె కూడా ఎక్కేసింది. అర్థం తెలియని ఇంగ్లీషు పాటలు చెవితో విని, చెవితోనే పాడేది. మాంసం డబ్బాలు, చాక్లెట్లు ఇంటికి తెచ్చేది. తర్వాత ఒక గ్రామఫోన్ కంపెనీ పిలిచి రికార్డు చేయించింది. అది దేశమంతా మోగింది. బిస్కెట్ ప్యాకెట్ల మీద ఈమె బొమ్మ వేశారు. వీధిలోకి వస్తే జనం మూగేవారు.

"మరి ఇంక ఏం తక్కువ అక్కా?" అన్నాను.

"విశ్రాంతి" అంది.

రోజుకు రెండు మూడు కచేరీలు పాడించేవారట. గొంతులో కాయలాంటిది లేచింది. డాక్టరు పాడొద్దన్నాడు, కంపెనీ పాడమంది. ఒకరోజు నిండు సభలో పైస్థాయికి వెళ్లిన గొంతు మధ్యలోనే విరిగిపోయింది. గొంతు నయమయ్యేలోపు కంపెనీ ఇంకో పిల్లను తెచ్చింది. అదే రకం గొంతు, అదే రకం జుట్టు. ఈమె కోసం కట్టిన పాట ఆ పిల్లతో పాడించారు. ఈమెకు కుట్టిన గౌను కూడా ఆ పిల్ల నడుముకు సరిచేసి వేశారు. ఈమెనేమో దేశానికి గౌరవం అని చెప్పి ఎగ్జిబిషన్ బృందంతో ఓడ ఎక్కించారు.

"గొంతు మళ్లీ వచ్చింది. కానీ కిందికి వచ్చింది" అంటూ కారులోనే చిన్నగా పాడింది. ఆడవాళ్లలో అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. మందంగా, కొంచెం బొంగురుగా, మధ్యాహ్నం నిద్రలేచిన మనిషి మాట్లాడినట్టు ఉంది. బీడీ కాలుస్తున్న డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"ఇది నీ గొంతు కాదు, దీన్ని ఎవరూ కొనరు అంటోంది కంపెనీ" అంది. "నా గొంతు కాకపోతే మరెవరిది?"

ముదలాళిని ఆమె ఒక్కటే అడిగింది. తాను పాడిన పాటకు ఒక రికార్డు చేయించి ఇవ్వాలని. ఆ రికార్డు తీసుకెళ్లి కంపెనీవాళ్ల బల్ల మీద పెట్టాలి. ఇప్పటి గొంతుతో ఒక పరాయి దేశంలో పాట వచ్చిందని చూపించాలి. అదీ ఆమె ఆశంతా. "ఓ, దానికేం, ఇస్తాం" అన్నాడు ముదలాళి.

చిక్కంతా ట్యూన్ దగ్గర వచ్చింది. ఆ కాలంలో మా దగ్గర ఆడగొంతు అంటే ఎంత పైకి వెళ్తే అంత గొప్ప. మాస్టారు చరణం తీసుకెళ్లి మేడ మీద పెట్టారు. ఆమె మొదటి రిహార్సల్లోనే నా చెయ్యి గిల్లి, "శ్రుతి దించమని చెప్పు" అంది. నేను చెప్పాను.

"చూద్దాం లేవే" అన్నారు మాస్టారు.

అమ్మాయిలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మా లైన్లో "చూద్దాం" అంటే కాదని అర్థం. ఆమెకు ఆ సంగతి తెలియదు. నేను ఆమె దేశపు మర్యాదలు నేర్చుకుంటూ మా మర్యాదలు చెప్పడం మరిచిపోయాను. మాస్టారు చూస్తానన్నారని ఆమె నిశ్చింతగా ఉండిపోయింది.

రికార్డింగు రోజు రాహుకాలం పోయేదాకా అందరం బయట నిలబడ్డాం. తర్వాత కొబ్బరికాయ, హారతి. ఆమె కూడా అందరిలాగే హారతి కళ్లకద్దుకుంది. లోపలికి వెళ్లాక వాద్యాలు మొదలయ్యాయి. శ్రుతి దిగలేదు. ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

ఆమె నా వైపు చూసింది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని తాళం వేస్తున్నారు.

పల్లవి బాగానే పాడింది. తెలుగు మాటలు మా హీరోలకంటే శుభ్రంగా పలికింది. చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు చీరింది. మళ్లీ తీశారు. మళ్లీ చీరింది. అప్పట్లో అందరం ఒకే హాల్లో, ఒకే మైకు చుట్టూ నిలబడి పాడాలి. ఒక్కరు తప్పితే అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. వాయించేవాళ్లు ప్రతిసారీ కాగితాలు మళ్లీ మొదటికి తిప్పుకున్నారు. ఆమె మెడ నరాలు కనబడుతున్నాయి. గాజు గది అవతల ముదలాళి గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

చివరికి మాస్టారు తాళం ఆపి, ఎంతో దయగా నాతో అన్నారు. "పోనీలేమ్మా, ఎందుకు ఆవిణ్ణి ఇంత హింసపెట్టడం? మనవాళ్లు ఎవరైనా పాడేస్తారు. రేపు షూటింగులో ఆవిడ పెదాలు కదిపితే చాలు. బాధపడొద్దని చెప్పు."

హాలంతా ఒక్కసారిగా తేలికపడింది. కాఫీ తెమ్మని ఎవరో కేకేశారు. మీకిది వింతగా అనిపిస్తుందేమో గానీ, మా ఊళ్లో అది సహాయం. ఒకరి మొహం, ఇంకొకరి గొంతు. దాని మీదే కదా కోడంబాకం అంతా బతుకుతోంది! పాడడం వచ్చిన హీరోయిన్లు కూడా "పీడా పోయింది" అని ఇంకొకరి చేత పాడించుకుని హాయిగా ఉండేవారు. అందులో అవమానం ఉందని ఆ హాల్లో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఎందుకు తట్టలేదో కూడా చెప్తాను. మాస్టారు ఆ మాట అని, వెంటనే నా వైపు వేలు చూపించి, "నువ్వు పాడవే. నీకు నోటికొచ్చుగా పాటంతా" అన్నారు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే మైకులో పడుతుందేమోనని భయపడ్డాను. సోలో! అన్నేళ్లు వెనక వరసలో నిలబడ్డదాన్ని, మైకు ముందు ఒక్కదాన్నే!

ఆమెకు చెప్పాను. "నేను పాడతాను, నువ్వు నటిస్తావు." ఆమెకు సగమే అర్థమైనట్టుంది. వంగి నమస్కారం చేసి, పోయి గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

పాడాను. రెండో సారికే ఓకే అయింది. అబద్ధం చెప్పను, ఆ రోజు పాడినంత బాగా నేను ఇంకెప్పుడూ పాడలేదు. వయొలిన్లవాళ్లు కమానుతో స్టాండు మీద కొట్టారు, అది వాళ్ల చప్పట్లు. ముదలాళి గాజు గదిలోంచి "భలే పాడినావమ్మా!" అన్నాడు. మొహమాటం లేకుండా చెప్తున్నా, నేను గాల్లో తేలుతున్నాను.

అప్పుడు టేపు వెనక్కి తిప్పి వినిపించారు. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విని, బెంచీ మీదున్న సంచీ తీసుకుంది.

"చాలా బాగుంది. ఈ పాట నీది" అంది నాతో. "కానీ అక్కా, నా బదులు ఇంకో పిల్ల చేత పాడించే చోటు నుంచే నేను ఇంతదూరం వచ్చింది."

గాల్లోంచి దబ్బున కిందపడ్డాను. ఆ గౌను సరిచేయించుకుని వేసుకున్న పిల్ల ఇప్పుడు నేనే అయ్యాను.

"ఏవంటోందే?" అన్నారు మాస్టారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. గేటు దగ్గర విన్నదంతా, రికార్డు ఎందుకు అడిగిందో అదంతా కూడా చెప్పేశాను. చెప్తూ చెప్తూ ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. "మాస్టారూ, మీ గడప తొక్కిన ప్రతి పిల్లనూ ముందు 'నీ శ్రుతి ఎంతమ్మా' అని అడుగుతారే! ఈమెను ఎందుకు అడగలేదు? అడక్కపోగా, ఆమే దించమని చెప్పించినా వినలేదు!"

కోరస్ పిల్ల మాస్టారితో అలా మాట్లాడడం ఎక్కడా లేదు. హాల్లో అందరూ తలలు వంచుకున్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది. "నువ్వటే నాకు చెప్పేది!" అని ఒక్క అరుపు అరిచారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన హార్మోనియం వంక తిరిగి, గొంతు తగ్గించి, "అడుగు. ఇప్పుడడుగు. వెళ్లిపోవద్దను" అన్నారు.

హార్మోనియం నేల మీదికి దించుకుని మాస్టారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. మాస్టారు ఒక్కో మెట్టు దించుతూ వచ్చారు, ఆమె ఒక్కో మెట్టు మీదా పల్లవి అందుకుంది. ఇద్దరికీ మధ్య నా ఇంగ్లీషు అవసరం లేకపోయింది. ఒకచోట ఆ గొంతు చక్కగా కూర్చుంది. మాస్టారు "ఆఁ!" అని తొడ మీద కొట్టుకున్నారు.

ముదలాళి పరుగున వచ్చాడు. "ఏందయ్యా మాస్టారూ, ఓకే అయిన పాటకి మళ్లా ఈ పితలాటకం ఏంది?"

"అది మీ సినిమాకి. ఇది ఆవిడ రికార్డుకి. ఇస్తానన్నారుగా!" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండానే.

ఫ్లూటాయన సంచీలోంచి పొడుగు వేణువు తీశాడు. తబలాయనకు ఆ శ్రుతికి పలికే తబలా లేదు, పక్క స్టూడియోకు పోయి అడిగి తెచ్చాడు. క్లారినెట్ ఆయన మాత్రం "నా వల్ల కాదు సార్" అని చేతులెత్తేశాడు, ఆయన్ని కూర్చోబెట్టి ఆయన వాయించాల్సిన ముక్కను వయొలిన్‌కు ఇచ్చారు. అందరూ విసుక్కుంటూనే చేశారు. మా వాళ్లు అంతే, చేసే పనిని తిడుతూనే బాగా చేస్తారు.

ఆమె పాడింది. ఒక్కసారే. చరణంలో నేను మేడెక్కి అరిచిన చోట ఆమె చెవిలో చెప్పినట్టు పాడింది. నేను అక్కడే నిలబడి విన్నాను. నా పాట కంటే ఆ పాట బాగుంది. నాకు బాధ కలగలేదంటే మీరు నమ్మరు, కలిగింది. సంతోషం కూడా కలిగింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ఎక్కువో అప్పుడూ తేల్చుకోలేదు, ఇప్పుడూ తేల్చుకోలేదు.

ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "ఆకలేస్తోంది" అంది. క్యాంటీన్‌కు తీసుకెళ్తే ఇడ్లీలు తెగ తింది, సాంబారు తాగేసింది.

ముదలాళి రెండూ విని, "ఇదేం గొంతయ్యా, మగోడి మాదిరి ఉండాది" అని సినిమాకు నా పాటే ఖాయం చేశాడు. ఆమె ఆ సినిమాలో నటించనంది. కోపం ఏమీ లేదు. వంగి నమస్కారం చేసి, ఇంకొకరి గొంతుకు నోరు కదపడం తనకు చేతకాదని చెప్పమంది. రికార్డు మాత్రం మాట ప్రకారం చేయించి ఇచ్చారు. ఆమె దాన్ని గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను కోటులో చుట్టి పెట్టుకుంది.

ఓడ ఎక్కే రోజు నాన్నతో కలిసి హార్బర్‌కు వెళ్లాను. మా అమ్మ మురుకులు చేసి ఇచ్చింది. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని అంది. "నువ్వు పాడిన పాట మీద నా పేరు వేయనివ్వకు. నా గొంతు లేని చోట నా పేరు వద్దు. చూస్తావా?"

"చూస్తాను" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. నేను ఏ అర్థంలో అన్నానో ఆమెకు తెలియాలని, "వేయనివ్వను, ఒట్టు" అన్నాను.

ఆమె తర్వాత ఏమైందో చెప్పేస్తాను, మీకు అదే కదా కావాలి. కొన్నేళ్ల తర్వాత ఒక జపాన్ ఓడ ఆఫీసరుతో నాన్న మాట కలిపి ఆమె పేరు చెప్పాడు. ఆయనకు తెలుసు. పాత కంపెనీ ఆమె రికార్డు విని కూడా వద్దందట. ఒక చిన్న కంపెనీ తీసుకుంది. ఇదివరకటిలా బిస్కెట్ ప్యాకెట్ల మీద బొమ్మలు లేవు, వీధిలో జనం మూగడం లేదు. చిన్న చిన్న హాళ్లలో పాడుతుంది, అన్నీ నిండుతాయి. "మా ఆవిడ ఇంట్లో వేరే ఎవరి పాటా పెట్టనివ్వదు" అన్నాడట ఆయన. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నేను వంటింట్లో గిన్నె కింద పెట్టి చప్పట్లు కొట్టాను.

ఇక మా సినిమా సంగతి. ఆమె బదులు ఒక డ్యాన్సరుకు కళ్లు దిద్ది, జుట్టులో పువ్వు పెట్టి నిలబెట్టారు. తర్వాత పోస్టర్లు గోడలకెక్కాయి. "జపాన్ గాయని పాడిన తెలుగు పాట" అని ఇంతింత అక్షరాలు, కింద ఆమె పేరు. పాట పెద్ద హిట్టయింది. రాయపురంలో మా పక్కింటివాళ్లు సైతం, "ఆ జపాన్ పిల్ల ఎంత బాగా పాడిందమ్మా! మనోళ్లు ఉండారు ఎందుకు?" అని నా దగ్గరే అన్నారు. మా అమ్మ ఉండబట్టలేక నోరు తెరవబోతే వద్దని సైగ చేశాను.

ఆ పాట గ్రామఫోన్ రికార్డు మాత్రం ఇంకా బయటికి రాలేదు. తిన్నగా ముదలాళి ఆఫీసుకు వెళ్లాను.

"ఏందమ్మా, నీ పేరు వెయ్యాలనా?" అన్నాడు.

"నా పేరు వెయ్యకపోతే పోనీండి. ఆమె పేరు తీసెయ్యండి."

ముదలాళి కుర్చీలో వెనక్కి వాలి నా వంక వింతగా చూశాడు. "నా పేరు వెయ్యి అని వచ్చినోళ్లను చూసినా. ఇంకొకరి పేరు తియ్యమని వచ్చినదానివి నువ్వొక్కదానివే. తీస్తే నీకేం వస్తది?"

"ఒట్టు పెట్టాను సార్."

"పోస్టర్లు అచ్చుపడిపోయినాయి కదమ్మా."

"పోస్టరు వానకు పోతుంది సార్. రికార్డు ఉండిపోతుంది."

ఆయన కాఫీ తెప్పించాడు. తాగాను. తాగాక కూడా అక్కడే కూర్చున్నాను. నేను లేచేలా లేనని తెలిసి, చివరికి "సెరి, పో. తీసేయిస్తా. నీ పేరు మాత్రం వెయ్యను. నువ్వెవరని కొంటారు?" అన్నాడు. నేను దండం పెట్టి వచ్చాను. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కొంచెం ఏడ్చిన మాట నిజమే. నా పేరు కోసమే ఏడ్చాను, ఎందుకు దాచాలి?

ముదలాళి మాట తప్పలేదు. రికార్డు వచ్చిందని తెలిసి బ్రాడ్వేలో ఒక షాపుకు వెళ్లి అడిగాను. షాపాయన మా వైపు తెలుగాయనే. పాట పెట్టి, తనూ కళ్లు మూసుకుని విన్నాడు.

"జపానామె పాట కదమ్మా. ఏం గొంతు!" అన్నాడు.

"కాదు. ఆమె గొంతు ఇంకా కిందుంటది. ఇంకా బాగుంటది" అన్నాను.

ఆయన నమ్మలేదు. రికార్డు ఆపి, చేతిలోకి తీసుకుని, మధ్యలో ఉన్న గుండ్రటి కాగితం వెలుతురుకు పెట్టి చదివాడు. "గానం, బృందం" అని ఉంది. ఇంకోసారి చదివాడు.

"బృందం అని వేసుండారే! ఈడ ఒక్క గొంతే కదమ్మా వినిపిస్తా ఉండేది?"

"అవును. ఆ పొద్దు మిగతావాళ్లు రాలేదు" అన్నాను.